కుచ్చిళ్లు

నారాయణపేటల నలభై రెండేండ్లు నేసిన.
ఒక్క పడుగుకు ఎనిమిది చీరలు,
ఎక్కిస్తే ఎనిమిదీ కోసేదాక దిగేది లేదు.
అంచుల గోపురం ఎక్కడ తప్పిందో
కండ్లు మూసుకొని వేలితో చెప్త.
చీర కట్టుడు మాత్రం
నాకు రాదు.

భాగీరథికి కుడిపక్క పడిపోయిన పదకొండో నాడు
పాలమూరు పెద్దాస్పత్రిల సిస్టరమ్మ అన్నది:
"ఇగ ఇంటికి తోల్కపోండి. చూస్కునెటోళ్లు ఎవలున్నరు?"
నేను ఎనకకు చూసిన.
ఎనక గోడ ఉన్నది.

బిడ్డ మంజుల రాయచూరు కెళ్లి వచ్చి వారం ఉన్నది.
ఆరు నైటీలు కొనిచ్చింది.
దాని ఇంట్ల అత్త మంచంలనే ఉన్నది,
ఒక మంచం కాడికెళ్లి ఇంకో మంచం కాడికి
బస్సెక్కి పోయింది బిడ్డ.

నైటీ తొడగబోతే భాగీరథి
ఎడమచేత్తో గుంజి అవతల పారేసింది.
మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది, "కాదు."
అన్నం కావాల్నా అంటె కాదు, నీళ్లంటె కాదు.
ఏ కాదు ఔనో, ఏ కాదు కాదో
నాకు తెలిసేటాలకు చలికాలం పోయింది.
నైటీకి చెప్పింది మాత్రం
అసలు కాదు.

గట్ల మొదలైంది.
పొద్దుగాల్ల ఐదింటికి పక్కబట్టలు, వేడినీళ్లు, తుడుసుడు.
అప్పుడు ఆమె గోడ దిక్కు చూస్తది
నేను కిటికీ దిక్కు చూస్త
ఇన్నేండ్ల సంసారంల ఇంత పరాయితనం ఎన్నడు లేకుండె.
రవికె తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు,
విప్పేటప్పుడు అదే ఆఖరున.
ఇది ఎవలు చెప్పలె,
నాలుగు రవికెలు చినిగినంక తెలిసింది.

ఇగ చీర.
ఐదున్నర మీటర్లు. ప్రతి పోగు నాకెరుక.
మొదలు తెలుసు, కొస తెలుసు.
నడుమ ఒక మనిషుంటదని
ఎన్నడన్న అనుకున్ననా?
తలుపు చెక్కకు ఆనిచ్చి నిలబెట్టి
మోకాలు అడ్డంబెట్టి కుచ్చిళ్లు పెడ్త. జారుతయి.
మళ్ల పెడ్త. మళ్ల జారుతయి.
ఆమె వంగిపోతది.
నా వీపుల నరం పట్టుకుంటది.

ఒకనాడు కొట్టబోయిన.
దాచేదేముంది, చెయ్యి లేచింది.
షావుకారు ఫోను మీద ఫోను,
ఎనిమిదిట్ల మూడే కోసినవు, తీసుకున్న పైసలెప్పుడు తెగుతయని.
అప్పుడే మార్చిన దుప్పటి మళ్ల తడిసింది.
లేచిన చేత్తోనే దండెం మీది తువ్వాల అందుకున్న
దానికే లేచినట్టు.
ఆమె చూసింది.
కాదు అని సుత అనలె.
ఆ పొద్దు మాపటిదాక ఏమనలె.

ఎదురింటి హనీఫా బీ
"మనిషిని పెట్టుకోన్నా, మొగోనితోని ఏమైతది" అంటది.
మనిషికి నెలకు పన్నెండు వేలట.
ఇంకొకామె, "నువ్వు దేవునసుమంటోనివి."
గా మాట ఇంటె నాకు ఒళ్లు మండుతది.
మా నాయన మంచంబడ్డ మూడేండ్లు,
మా అవ్వ పడ్డ ఏడాదిన్నర,
నేను గుంటల కాళ్లు పెట్టి నాడె కొట్టుకుంట కూసున్న.
ఎత్తింది, కడిగింది, తినిపిచ్చింది ఎవలు?
ఆమెను ఎవలన్న దేవతన్నరా?
కోడలన్నరు.
గంతే.

మొన్న శనివారం ఐదో కుచ్చె కాడ వేలు తప్పితే
ఎడమచెయ్యి దిగొచ్చి
నా బొటనవేలిని పక్కకు నెట్టింది.
ఒకటి మడిసింది, పట్టుకున్న.
ఇంకొకటి మడిసింది, పట్టుకున్న.
ఏడైనయి. దోపిన.
ఎడంగా జరిగి చూస్తే అంచు తలకిందులు,
గోపురాలన్నీ నేలచూపు.
ఆమె వంగి చూసుకున్నది.
మూతి ఎడమపక్క నవ్వింది.
"కాదు" అన్నది.
"కాదే మరి" అన్న.

విప్పలె. గట్లనే కూసుండబెట్టి
జొన్నరొట్టె పాలల్ల నానబెట్టి తినిపిచ్చిన.
తొమ్మిదింటికి మందుగోలి.
పదింటికి నేను గుంటల దిగాలె,
నాలుగో చీర నడుమల ఆగున్నది.
మంచం కనవడెటట్టు తలుపు బార్లా పెట్టిన.
నాడె కొట్టినప్పుడల్లా ఆమె ఎడమకాలు ఊపుతది.
లెక్కవెడుతున్నదో, సప్పుడుకు యాష్టకొస్తున్నదో
అడిగితే
ఏం చెప్తదో మీకెరుకే.