బొమ్మకు ఆకలెక్కువ

నా పని పెళ్లిళ్లకు లైవ్ పెట్టడం.
మస్కట్‌లో ఉన్న మేనమామకి
తాళి కట్టే క్షణం తెగకుండా చేరాలి, అంతే.
సరంజామా పెద్దదేం కాదు:
బీసెంట్ రోడ్డులో కొన్న పాత ఫోన్లు రెండు,
ఒకదానికి గాజు పగిలింది,
నాలుగు సిమ్ములు కలిపి లాగే చిన్న డబ్బా,
ఆటోలోంచి పీకిన బ్యాటరీ.
మొత్తం కలిపినా ఒక మండపం పూల ఖర్చుకు సగం.

ఆ ఆదివారం ముహూర్తాలు లేవు.
తెల్లారేసరికి బుడమేరు మా మంచం కిందికొచ్చి కూర్చుంది,
పదింటికల్లా స్విచ్ బోర్డు దాకా లేచింది.
సింగ్ నగర్‌లో మా వీధి, పక్క వీధి, ఆ పక్కది,
అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు.
మేడ మీద ముప్పై ఒక్క మందిమి,
ఒక కుక్క, రెండు గ్యాస్ బండలు.

మధ్యాహ్నానికి ఫోన్లలో గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి.
టవరు కూడా డీజిల్ తాగే బతుకుతుందని
అప్పుడే తెలిసింది నాకు.

కింది వాటా రాజరత్నం గారు
రైల్వేలో వైర్‌లెస్ చూసి రిటైరైన మనిషి,
బియ్యం బస్తా వదిలేసి
రేడియో పెట్టె నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాడు.
(ఆయన భార్య ఇప్పటికీ దెప్పుతుంది.)
బట్టలారేసే తీగ విప్పి,
డిష్ గొట్టానికో కొస, నీళ్ల ట్యాంకుకో కొస లాగి,
మూరతో కొలిచి, జానెడు కత్తిరించి,
"ఇదీ యాంటెన్నా" అన్నాడు.
నేను నవ్వాను.
నా బ్యాటరీకి తగిలించాడు.
గరగర, ఈల, పిల్లి కూత లాంటిదేదో,
ఆ గరగర అడుగున గుంటూరు నుంచి ఒక ఆడగొంతు:
"వింటున్నాను, చెప్పండి, ఓవర్."
నవ్వు ఆపేశాను.

గుంటూరు గొంతు కంట్రోల్ రూముకి చెప్పింది.
పడవ వచ్చింది, ఇంకో వీధికి.
మసీదు పక్కన అన్నాం.
మసీదులు మూడున్నాయి.
మునిగిన చిరునామాకి మొహం ఉండదు.

అప్పుడు నా డబ్బా తీశాను.
సర్వి కర్రకి ఫోన్ కట్టి ట్యాంకెక్కి ఎత్తితే
నాలుగు సిమ్ముల్లో ఒకదానికి
కాలవ అవతలి టవరుది ఒక్క గీత.
బొమ్మని ముతక చేస్తే ఒక్క గీత చాలు.
పెళ్లిలో అయితే తన్నేవాళ్లు, అంతా గళ్లు గళ్లు.
కానీ ఆ గళ్లల్లోనే
మా పచ్చ ట్యాంకు, దాని మీద పిల్లలెవరో గీసిన రాకెట్,
స్తంభానికి తాడేసి కట్టిన ఆటో టాపు.
"రాకెట్ ట్యాంకు చూశారట, ఓవర్."

బ్యాటరీ మీద దీపం ఎర్రబడింది.
రాజరత్నం గారు నా చేతిలో వైరు లాక్కున్నాడు.
"బొమ్మకు ఆకలెక్కువ నాయనా.
మాట గుక్కెడు తాగి బతుకుతుంది.
చూపించాల్సింది చూపించావు, ఇక ఆర్పెయ్."

లైవ్ ఆగితే డబ్బులు తిరిగిచ్చే వృత్తి నాది.
ఆర్పేశాను.

రాత్రంతా గంటకోసారి మీట నొక్కడం,
రెండు ముక్కలు, మీట వదలడం.
జైబున్నీసాకి ఇన్సులిన్ ఒక్క పూటకే ఉంది, ఓవర్.
కుక్కనీ ఎక్కించుకుంటారా, ఓవర్.
మీట వదిలితేనే అవతలి మనిషి మాట్లాడగలడు.
ఇన్నేళ్ల సంసారంలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

వీధి చివరి మేడ మీద ఎవరిదో టార్చి
రెండింటి దాకా ఊగింది.
తర్వాత ఊగలేదు.
ముందు అటు వెళ్లమనండి, అటు, అటు అన్నాను,
ఓవర్ అనడం మరిచి, మీట వదలడం మరిచి.

పడవ నాలుగున్నరకి వచ్చింది.
అందులో అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు,
ఆరిపోయిన టార్చి
ఇంకా నొక్కుతూనే ఉన్నాడు.

గుంటూరు గొంతు పేరు హైమావతి,
కొత్తపేటలో జిరాక్స్ షాపు.
వెళ్లి కలిశాను. ఎదురెదురుగా నిలబడితే
ఇద్దరికీ మాటలు దొరకలేదు.

మేడ మీద ఆ తీగ మళ్లీ కట్టాం.
జానెడు తక్కువైంది,
అతుకు పెట్టి లాగినా కిందికి వేలాడుతుంది,
తడి దుప్పటి అంచు నేలకి రాసుకుంటుంది.
ముప్పై ఒక్క మందిలో
కొత్త తీగ కొందామని
ఇంతవరకు ఎవరూ అనలేదు.