డ్యూటీ చార్టు వెనకాల

పలాసలో అర్ధరాత్రి. కిటికీలోంచి జీడిపిక్కలు కాల్చిన పొగ.
మిషన్లన్నీ ఒకే గొంతుతో గురకపెడుతున్నాయి.
పాత డ్యూటీ చార్టు వెనక్కి తిప్పి
ఎర్ర పెన్నుతో రాశాను:
నాలుగు రోజులు, ముగ్గురం.

రూతమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది.
మన ముగ్గురికీ ఒకేసారి సెలవు దొరికింది
తిత్లీ తుఫానప్పుడే కదే,
అదీ చెట్లు కూలి దారి లేక.

ఇల్లు కవిటి దాటాక, కొబ్బరితోటలో.
రెండు గదుల పెంకుటిల్లు, ముందు అరుగు,
ఉయ్యాలబల్లకి ఒక గొలుసు మాత్రం కొత్తదట.
ఫోనెత్తిన డిల్లేసు ఏదీ దాచే మనిషి కాడు:
"కరెంటు పోద్దమ్మా, సెప్పకండా పోద్ది.
సెల్లు మాటాడాలంటే గోడెక్కాల.
సుక్కలైతే నిండా ఉంటాయి మరి."

నచ్చాడు. అడ్వాన్సు ఐదొందలు పంపేశాం.

మొదటిరోజు ఏమీ చెయ్యకూడదని నా పట్టు.
దమయంతి ఒప్పుకోదు. ఖాళీ గడి కనబడితే
అందులో ఎవరినో ఒకరిని వెయ్యందే ఆవిడకి నిద్రపట్టదు.
తేలినీలాపురం, అని వేసింది.
గూడబాతులు దిగుంటాయి, చింతకొమ్మలు తెల్లబడుంటాయి.
వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలంటారట ఆ ఊళ్ళో.
మనం మాత్రం పురుడు పొయ్యొద్దు, సెలవు, అన్నాను.

శాలిహుండం కొండ రూతమ్మ మోకాళ్ళకి పరీక్షే.
అయినా వెళ్ళాలి.
ఇటుకల చక్రం పక్కన నిలబడితే
వంశధార సముద్రం వైపు ఎలా నడిచిందో కనిపిస్తుందట.
నాకు బౌద్ధం గురించి పెద్దగా తెలీదు.
జబ్బునీ ముసలితనాన్నీ చావునీ చూసి
ఒకాయన ఇల్లు వదిలాడని బళ్ళో చదువుకున్నాం.
మనం రోజూ చూస్తాం. చూసి ఇంటికే వెళ్తాం,
టిఫిను డబ్బా కడుక్కుని బోర్లిస్తాం.
ఆ ఇటుకల్ని ఒకసారి ఈ సంగతి అడగాలి.

మందసలో పాత గుడి, ఆ తర్వాత కోవా.
కోవా ముందు, అని దమయంతి కొట్టేసి రాసింది.
బారువ సముద్రం ఎప్పుడన్నది తేలలేదు,
పొద్దున్నా, సాయంత్రమా అని కాసేపు దెబ్బలాడుకున్నాం,
ఈలోగా మూడో మంచం నీళ్ళడిగింది,
కొలిచి, రెండు గుక్కలిచ్చి వచ్చాను.

ఇక దారి గీయాలి.
గీత ముందుకి పోవట్లేదు.
బొరివంక: ఆరో మంచం. మంగళ, గురు, శని.
జగతి: సూది గుచ్చుతుంటే కూనిరాగం తీసే పెద్దావిడ.
మాణిక్యపురం: రావడం మానేసినతను. ఎందుకో తెలుసు.
ఇన్నేళ్ళుగా ఈ పేర్లన్నీ ఫైళ్ళ మీద రాశాను.
ఆ ఊళ్ళకి పనసచెట్లుంటాయనీ
దండేల మీద చీరలు ఆరతాయనీ
రాయడానికి ఫైల్లో చోటుండదు.
ఒక్క ఊరయినా దిగి చూడలేదు నేను.

సామాన్లు: టార్చి, దోమల చుట్టలు,
నొప్పుల తైలం, పేకముక్కలు.
మంచినీళ్ళు, అని రాసి పెన్ను ఎత్తాను.
ఇరవై లీటర్ల డబ్బాలు మూడు.
ఎవరూ మాట్లాడలేదు.
సాయంత్రం ఫోన్లో డిల్లేసు అన్నాడు కదా,
"నీల్లేల మోసుకొస్తారమ్మా, మా నుయ్యి నీల్లు
కొబ్బరి బొండం లాగుంటాయి" అని.

ఇంకోమాట కూడా అన్నాడు, ఫోను పెట్టేస్తూ.
"తాళాలు నానే ఇత్తాను గానీ
మంగళారం, గురువారం, సెనారం మాత్రం దొరకనమ్మా.
అయ్యి తప్ప ఎప్పుడొచ్చినా సరే."

ఏం పనుందని మేం అడగలేదు.

చార్టు మీద బుధవారం, అని రాశాను.
మూడుని కొట్టేసి
డబ్బాలు ఆరు, అని దిద్దింది రూతమ్మ.
దమయంతి, ఆటో పట్టదే, అంది,
అని, తన చీరల సంచీని జాబితాలోంచి తీసేసింది.

ఎవరిదో మిషను కూసింది.
కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాను.