గంజి పెట్టిన మెడ

హేమాద్రి వచ్చి అడిగినాడు:
"మామా, ఒగ మూడు గంటలు కదలకుండా కూకుంటావా?"
ముప్పై ఏండ్లుగా నిలబడే ఉండా నేను
కొర్లగుంట మలుపులో, ఇస్త్రీ బండి వెనకాల.
కూకోమంటే ఎవురొద్దంటారు?

నాలుగు వందల ఏండ్ల కిందట
సముద్రాలకవతల డచ్చోళ్లని ఉన్నారంట.
మనుషుల్ని చీకట్లో పెట్టి
మొగానికి మాత్రం వెలుతురు పూసి బొమ్మలు గీసేవాళ్లంట.
వాడి పరీక్షకి ఆ మాదిరి ఫోటో కావాలంట.
ఫోన్లో చూపించినాడు.
దొర మెడ చుట్టూ తెల్లగా, గుండ్రంగా
విస్తరాకంత పట్టీ,
అన్నీ కుచ్చిళ్లే.
"ఇది గుడ్డేనా?" అనింది రెడ్డెమ్మ.
గుడ్డే అన్నాడు.
"అయితే అయితాది" అనింది.

ఆ పొద్దు మూటలో
సంస్కృతం అయ్యవారి పంచె ఉన్నింది.
అడగలేదు. అడిగితే ఇయ్యడు.
చిక్కటి గంజి పట్టించి
వేలెడు వెడల్పున మడత మీద మడత,
మడతకొక గుండుసూది.
అర్ధరాత్రి దాకా
ఆమె వేళ్లు, నా పెట్టె.

వేషాలు నాకు కొత్త కాదు.
గంగమ్మ జాతరకి బైరాగినైనా, బండనైనా,
తోటినైనా, దొరనైనా.
చీర కట్టి పూలు పెట్టుకున్న ఏడు
సొంత చెల్లెలే నన్ను గుర్తు పట్టలే.
మాకు వేషమంటే ఎగరడం,
ఎదురొచ్చినోణ్ణి బూతులు తిట్టడం
అమ్మకి వినపడేటట్టు.
ఈ వేషానికి నోరు లేదు.
"నవ్వొద్దు మామా. వాళ్లు నవ్వరు."
ఎందుకు నవ్వరో పట్టీ కట్టినాక తెలిసింది.
వంగితే గడ్డానికి గుచ్చుకుంటాది,
తిరిగితే చెవిని కోస్తాది.
మెడకి గంజి పెడితే
ఎవుడైనా దొర మాదిరే చూస్తాడు.

భవానీ నగర్లో మేడ మీది గది.
గోడకి నల్ల కంబళి.
కిటికీ ఒగ రెక్క మూసి, ఒగ రెక్క తెరిచి
ఎండని కొలిచి కొలిచి లోపలికి పిలిచినాడు.
ఎడమ చెంప మీద పొద్దు.
కుడి చెంప లేనే లేదు.

బల్ల మీద సగం ఒలిచిన నిమ్మకాయ,
ఇత్తడి చెంబు, ఆరిన కొవ్వొత్తి.
పుర్రె కూడా ఉండాల్నంట, దొరకలేదంట.
బతుకు శాశ్వతం కాదని గుర్తు చేసేదానికంట.
"అది గుర్తు చేసేదానికి ఇంత ఖర్చా?" అన్నా.
వాడు నవ్వితే కెమెరా కదిలింది.
నా ఇస్త్రీ పెట్టె పెట్టమన్నా దాని బదులు,
లోపల బొగ్గులన్నీ బూడిదై ఉండాయి.
కొంచేపు చూసి, పెట్టినాడు.

ఆ తర్వాత మాటల్లేవు.
బట్టలిచ్చేవాళ్లు మూటని చూస్తారు,
తీసుకునేటప్పుడు మడతని చూస్తారు.
ఆధార్ కాడ ఒగ రెప్పపాటు చూసి
వేలిముద్ర పడలేదని మూడు తూర్లు తిప్పి పంపినారు.
బొటనవేలి మీది గీతలన్నీ
ఎవురెవురి చొక్కాల్లోకో పోయినాయి.
ఈ పిలగోడు ఆ వేలి కోసమే
మళ్లా మళ్లా కిటికీ జరిపినాడు.
నన్ను ఇంతసేపు ఎవురూ చూడలేదు.
కండ్లలో నీళ్లొచ్చినాయి.
గంజి వాసనకి, అని చెప్పినా.

ఫోటో వచ్చినాక రెడ్డెమ్మ
నా మొగం తట్టు చూడనే లేదు.
రెండు వేళ్లతో పట్టీని పెద్దది చేసి
కుచ్చిళ్లు లెక్క పెట్టింది.
"ఈడ ఒగటి తప్పినా" అనింది,
రాత్రంతా అదే మాట.

సూదులు తీసి, గంజి పోగొట్టి, ఉతికి,
సోమవారానికి మళ్లా పంచె చేసి ఇచ్చినాం.
అయ్యవారు అంచు ఎండకి పట్టి చూసినాడు.
"ఏమప్పా, ఈ బెజ్జాలేంది, ఎలుక కొట్టిందా?"

నేను నవ్వలేదు.
వెలుతురు తట్టు కొంచెం తిరిగి
అట్నే నిలబడినా.