చల్లారాక

ముందు చల్లారనివ్వాలి.
సంతకి వెళ్ళొచ్చిన వేడి
ఇంకా లోపల బుసకొడుతోంది.
ద్రాక్షపందిరి కింద బానెట్ ఎత్తి, ఊతకడ్డీ నిలబెట్టి
నేను కాఫీ కాచుకున్నాను.
మండే గాజు మీద చన్నీళ్ళు పడితే ఏమవుతుందో
ముప్పై ఏళ్ళు పిల్లలకి పగలగొట్టి మరీ చూపించినదాన్ని.
కెమిస్ట్రీ టీచరు ఓపికంటే అంతే,
ఎన్ని బీకర్లు పోయాయో గుర్తుండటం.

పద్దెనిమిదేళ్ళ ఓపెల్.
ఏదో జర్మన్ ఊరి వీధుల్లో తిరిగి, ఓడెక్కి,
నల్లసముద్రం దాటి పోతీ రేవులో దిగి
కుతైసి గుంతలన్నీ కంఠతా పట్టింది.
మూత కింద దాని మొహం నేనెప్పుడూ సరిగా చూడలేదు.
పుల్ల లాగి నూనె ఎంతుందో చూడటం, మూసెయ్యడం.
మెట్ల మీద ఎదురైనవాళ్ళని
బావున్నారా అని అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోవడం.

బ్యాటరీ తీగ విప్పాను, నల్లది ముందు.
ఆల్టర్నేటర్‌కి రొట్టెల సంచి తొడిగి దారం చుట్టాను.
ఫ్యూజుల డబ్బాకి నా స్నానపు టోపీ.
ఎల్లుండి కొనేవాడు వస్తాడు,
పిల్లని చూపించేముందు మొహం కడగొద్దా?

గోడ మీంచి మల్ఖాజ్:
"కడక్కు త్సియాలా,
ఆ మురికే దాన్ని పట్టి నిలబెడుతోంది."
"నీ కాపురం సంగతా?" అన్నాను.
లోపల వంటింట్లో నర్గీజా నవ్వు,
గరిటె కిందపడిన చప్పుడు.

జిడ్డు మందు చల్లి పది నిమిషాలు ఊరుకున్నాను.
సబ్బుకి ఒక చెయ్యి నీటివైపు, ఒక చెయ్యి నూనెవైపు.
బోర్డు మీద ఎన్ని వందలసార్లు గీశానో!
పోట్లాడుకున్న ఇద్దరి మధ్య ఆ పెద్దమనిషి
గోధుమరంగు నురగై జారుతుంటే
ఇవాళే కళ్ళారా చూశాను.
నల్లనీళ్ళు ద్రాక్షవేళ్ళదాకా పోకుండా
పాత కంబళి పరిచి తాగమన్నాను.

ఇక టూత్‌బ్రష్.
అట్టలు కట్టిన మకిలి, పొర కింద పొర.
మా రియోని ఒడ్డు దుమ్ము పైన,
దాని కింద ఉప్పు, మేం రోడ్లకి చల్లని ఉప్పు.
బ్యాటరీ వెనక చిట్టెలుక గూడు:
అక్రోటు చిప్పలు ఒకదాంట్లో ఒకటి పేర్చి,
పక్క పరుపుకి ఎర్రటి ఉన్ని.
చలికాలంలో బస్సులో పోయిందని
నేను తిట్టుకు తిరిగిన శాలువా కొస.
దొంగ లేదు. బాలింత ఉంది, లేదా ఉండేది.

ఇంజిన్ మూత అంచున తెల్ల రంగుతో రాత,
14.3. పక్కన ఒక సున్నా.
దాని కింద H.
నూనె మార్చిన రోజో, మరింకేదో.
ఆ హెచ్ అన్నమనిషి వంగి నిలబడ్డ చోటే
నేనూ వంగి ఉన్నాను,
నడుము నొప్పి కూడా ఒకటేనేమో.
అక్షరం చుట్టూ తోమాను.
అక్షరాన్ని తోమలేదు.

సన్నటి నీటి ధార. పాత చీటీగుడ్డలు.
ఎండ పందిరి దాటేదాకా మూత తెరిచే ఉంచాను.
తాళం తిప్పితే మొదట ఏమీ లేదు,
మల్ఖాజ్ గోడ మీద గడ్డం ఆనించాడు.
రెండోసారి తుమ్మింది.
మూడోసారి గొంతు సవరించుకుని
మామూలుగా, ఏమీ జరగనట్టు.

అప్పుడు కనిపించింది.
మెరిసే మూత పక్కన, తోమిన చోటే
కొత్తగా పుట్టిన ఒక చుక్క.
ఎన్నేళ్ళనుంచి కారుతోందో,
దాని మురికి దానికే కట్టుగుడ్డ.

జెస్తపోని నుంచి ఎల్గుజా వచ్చాడు.
బానెట్ ఎత్తి ఒక అడుగు వెనక్కి వేశాడు.
"ఇంత శుభ్రమా! ఏం దాచావమ్మా?"
వాడి వేలు పట్టుకుని చుక్క మీద పెట్టాను.
"ఇక్కడ. రాత్రికి రెండు. లేచి లెక్కపెట్టాను."
రెండు వేళ్ళ మధ్య రుద్దాడు, వాసన చూశాడు,
మూడొందల లరీలు తగ్గించాడు.
చుక్కకి నూట యాభై. నేను ఒప్పుకున్నాను.

"ఈ గీతలేమిటి?" అన్నాడు
బొటనవేలికి ఉమ్మి తడి చేసుకుంటూ.
చెయ్యి పట్టుకున్నాను.
అవి దానితోపాటే వస్తాయన్నాను.