రాని మనిషి కోసం

మైనస్ ముప్పై రెండు.
ఉలాన్‌బాతర్‌లో జనవరి నెల బాల్‌పెన్నుని
చంకలో పెట్టుకుని నడవాలి.
లేకపోతే మొదటి అరగంట పాఠం
కాగితం మీద రంగులేని గీరలై మిగులుతుంది.

నేను రెండు పెన్నులు పెట్టుకునేదాన్ని,
కుడి చంకలో ఒకటి, ఎడమ చంకలో ఒకటి.
లువ్సన్‌దగ్వా మాస్టారు నోరు తెరిస్తే చాలు,
మక్కికి మక్కి.
ఆయన దగ్గితే 'ఖళ్ళు' అని రాసిన రోజు కూడా ఉంది.
గంటకి పదకొండు పేజీలు.
తలెత్తి ఆయన ముఖం సరిగ్గా చూసింది ఒక్కసారే,
నవంబరులో, నా రెండు పెన్నులూ గడ్డకట్టిన రోజు.

ఊరింతుయాకి కొడుకు పుట్టాడు.
నెలన్నర క్లాసులకి రాలేదు.
కొండవాలు గుడారాల పేటలో
ఒక చేత్తో పొయ్యిలో బొగ్గు వేస్తూ
ఒక చేత్తో పిల్లాణ్ణి జోకొడుతూ
నా నోట్సు జిరాక్సు చదివింది.
రాత్రి పదింటికి ఫోను:
"నరంగో, పద్నాలుగో పేజీలో
'ఇది ఇలా వెళ్ళి దీన్ని తాకుతుంది' అని రాశావు.
ఏది? ఎలా వెళ్ళి? దేన్ని?"

పేజీ తెరిచి చూశాను.
అక్షరాలు నావే.
చూపించిన వేలు మాత్రం
ఆ రోజు బోర్డు దగ్గరే ఉండిపోయింది.
మొదటి బెంచీలో కూర్చున్న నేను కూడా
ఆ క్లాసుకి రాలేదని
అప్పుడు తెలిసింది.

మర్నాడు స్కేలు పెట్టి
ప్రతి పేజీకీ ఎడమ పక్క
నాలుగు వేళ్ళ వెడల్పున గీత గీశాను.
ఎంత కాగితం దండగ అని
ప్రాణం ఉసూరుమంది.
మాస్టారు చెబుతుంటే చేతులు కట్టుకుని వినడం
పని ఎగ్గొట్టినట్టే ఉండేది.
ఆయన ఒక సంగతి ముగించి
ఫ్లాస్కులోంచి ఉప్పు పాల టీ వంపుకునేదాకా ఆగేదాన్ని.
అప్పుడు రాసేదాన్ని, నా మాటల్లో, నాలుగే వాక్యాలు.
ఎడమ పక్కన
ఊరింతుయా అడగబోయేవి:
ఏది? ఎందుకలా?
నిన్నటి పాఠానికి ఇది వరసకి ఏమవుతుంది?

ఆ వారం గడ్డకట్టిన నేల గురించి.
వేసవిలో పైన మనిషి లోతు కరుగుతుందట,
బురదవుతుందట, గడ్డి మొలుస్తుందట.
కింద వేల ఏళ్ళ మంచు మాత్రం కదలదట,
ఇప్పటిదాకా.
ఆ 'ఇప్పటిదాకా' దగ్గర
మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడవకుండానే
మళ్ళీ పెట్టుకున్నారు.
ఎడమ పక్క ఖాళీలో
చిన్న కళ్ళద్దాల బొమ్మ వేశాను.
ఎందుకో తెలియదు.

ఇంటికెళ్ళే ట్రాలీ బస్సులో
అద్దం లోపలివైపు కూడా మంచు పేరుకుంటుంది.
పుస్తకం సంచిలో పెట్టేసి
గోటితో ఆ మంచు మీద
గుర్తున్నంతా గీసేదాన్ని:
నేల, గీత, బాణం, నీళ్ళు.
చెయ్యి ఎక్కడ ఆగిపోతుందో
ఆ రాత్రి చదవాల్సింది అదే.
ఒకసారి గొర్రెతోలు టోపీ తాత ఒకాయన
"ఏంటమ్మా అది?" అన్నాడు.
చెప్పాను. ఆయన ఇంకోటి అడిగాడు.
నా స్టాపు దాటిపోయింది,
ఆయన స్టాపు కూడా.

మార్చి పరీక్షలో
ఊరింతుయాకి నాకంటే నాలుగు మార్కులు ఎక్కువ.
కాస్త మండింది, అబద్ధం చెప్పను.

శనివారం శనివారం పంపిన నా నోట్సు
తిరిగి తెచ్చిచ్చింది.
అట్ట మీద టీ మరక,
ఇరవయ్యో పేజీ మూల పిల్లాడు చప్పరించిన తడి, ఎండిపోయి.
కళ్ళద్దాల బొమ్మ కింద
ఆమె గుండ్రటి చేతిరాతతో ఒక ప్రశ్న:
"భయపడ్డారా?"

అక్కడ ఉన్నది నేను.
ఆ మాట నాకు తట్టలేదు.

దాని కింద ఇంకా చోటు ఉంది.
చంకలోంచి పెన్ను తీసి రాశాను:
"సోమవారం అడుగుదాం.
నువ్వూ రా."