కింది నుంచి రాసిన జాబితా

బంగాళాదుంపల సెలవులు ముగిసి
మా బడి మళ్ళీ తెరిచిన సోమవారం
డెల్ఫీన్ వెలెట్ నా గదికొచ్చింది.
మూడు వారాలు గ్రేడింగ్ బెల్టు దగ్గర నిలబడిన పిల్ల;
గోళ్ళ కింద ఉత్తర మెయిన్ మట్టి ఇంకా వదల్లేదు.
జేబులోంచి తీసి నా బల్ల మీద పరిచింది
ఎనిమిది మడతల కాగితం.

పద్నాలుగు పేర్లు.
పద్నాలుగూ రాతి గోపురాలే,
పద్నాలుగూ ఐవీ తీగ పాకిన గోడలే.
నూటికి ఐదుగురిని రానిచ్చి
తొంభై అయిదుగురికి
మర్యాదగా ఉత్తరం రాసే చోట్లు.

నేనేమీ అనలేదు.
ఇరవై రెండేళ్ళుగా ఇదే కుర్చీ నాది.
"మన వల్ల కాదు" అన్న మాట
ఈ లోయలో ఉగ్గుపాలతోనే పోస్తారు,
నేను వేరే పోయనక్కర్లేదు.
అలాగని "నీకేం, దేనికైనా రాయి" అని
వీపు తట్టి పంపిన పిల్లాడొకడున్నాడు, జెరోమ్.
ఏప్రిల్లో పదకొండు ఉత్తరాలు తెచ్చి
ఇదే బల్ల మీద పేకముక్కల్లా పంచాడు.
ఒక్కటీ ఆడే ముక్క కాదు.
ఇప్పుడు గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు.
కనిపిస్తే చెయ్యూపుతాడు.
ఆ చెయ్యి నాకింకా బరువే.

అందుకే కాగితం తిరగేసి
"కింది నుంచి రాద్దాం" అన్నాను.

కింద అంటే?
మిగతావన్నీ కాదన్న రోజున
నువ్వు తల దించుకోకుండా పెట్టె సర్దుకునే చోటు.
ఏడుస్తూ వెళ్ళేదైతే
అది జాబితాలో లేనట్టే.

మొహం ముడుచుకుంది.
హీటర్ గొట్టం రెండుసార్లు దగ్గింది.

మార్కులు చూశాం, పరీక్ష స్కోరు చూశాం,
నిరుడు ఎవరు ఎవరిని తీసుకున్నారో చూశాం.
ఫీజు లెక్కగట్టే పేజీలో
వాళ్ళ నాన్న మంచు తోసే ట్రక్కు జీతం వేస్తే
గొప్ప పేరున్న ఒక చోటు చవగ్గా తేలింది,
ఎవరూ వినని ఒక చోటు కొంప ముంచేట్టుంది.
"ఇదేంటి, తలకిందులు?"
నాకూ ప్రతి ఏడూ ఆశ్చర్యమే అన్నాను.

వంతెనలు కట్టడం నేర్చుకోవాలట.
మా నది మీద పాత ఇనప వంతెన ఒకటుంది,
అవతలి ఒడ్డు కెనడా.
మొదట్లోనే బోర్డు: ఐదు టన్నులు మించరాదు.
దుంపల లారీలు ఇరవై మైళ్ళు చుట్టు తిరిగిపోతాయి.

ఆ బోర్డే గుర్తొచ్చింది కాబోలు,
పెన్సిలు కొరుకుతూ అంది:
"అది వంతెనని తిట్టడం కాదు కదా మిసెస్ డుబే.
ఎవరో కింద దూరి, బోల్టు బోల్టూ తట్టి చూసి,
పడకుండా దాటమని రాసిన మాట."

ఇరవై రెండేళ్ళలో
ఇంత బాగా నేనెవరికీ చెప్పలేకపోయాను.

బెల్లు కొట్టేసరికి తొమ్మిది పేర్లు.
అట్టడుగున, యాభై మైళ్ళ దూరంలోని రాష్ట్ర కళాశాల.
అక్కడొక చిన్న ప్రయోగశాల,
కాంక్రీటు దిమ్మల్ని విరిగేదాకా నొక్కే యంత్రం.
విరగడం చూడ్డానికి
శనివారం వెళ్తానంది, ఉత్సాహంగానే.
దాని పైన ఆరు, ఈమెకి సరితూగేవి.
ఆ పైన మిగిలిన గోపురాలు రెండు.
ఒకదాన్ని కొట్టేయబోతే
నా మణికట్టు పట్టుకుంది, ఆ మట్టి గోళ్ళతోనే.
"ఉండనీయండి.
రాదని నాకు తెలుసు.
ఆ మాట వాళ్ళచేతే చెప్పిద్దాం."

ఉంచాను.

డెబ్బై డాలర్ల దరఖాస్తు రుసుము
మాఫీ చేయమని ఉత్తరం టైపు చేస్తూ
ఆమె ఇంటిపేరు దగ్గర ఆగాను.
ఇక్కడ మేం వెలెట్ అంటాం.
దక్షిణాన ఏ ఆఫీసులోనో ఎవరో
అన్ని అచ్చుల్నీ కూడబలుక్కుని
ఇంకోలా పిలుస్తారు.

పిలవనీ.