నోరు లేని ఈగ

కిసుము రేవు దగ్గర, రేకుల హోటల్లో
పళ్ళాలు గీకే పని నాది.
ఎవరి ముఖమూ చూడను.
పళ్ళెం చూస్తే చాలు, మనిషి తెలిసిపోతాడు.

బస్సు తప్పుతుందని లేచిపోయినవాడి ఉగాలి ముద్దలో
బొటనవేలి గుంట అలాగే ఉంటుంది.
పోట్లాడుకున్న జంట చపాతీలు తుంచుతారు, తినరు.
రేవు గుమాస్తా తిలాపియా చేపను
దువ్వెన చేసి వదిలిపోతాడు,
ఆయన తర్వాత పిల్లికి కూడా పనుండదు.

ఇదివరకు ఇదంతా వెనక కాలువలోకే.
గోడమీద మరబు కొంగలు
బట్టతల పెద్దమనుషుల్లా కూర్చుని ఎదురుచూసేవి.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి అపోండి వస్తుంది.
తోపుడు బండి, రెండు నీలం డ్రమ్ములు,
ఎడమ చక్రం కీచుకూత.
వీధి మలుపులో అది వినబడగానే
నా చేతులు తొందరపడతాయి.

మొదటి నెలలో తిట్టింది నన్ను.
"సబ్బునీళ్ళు పోశావు, తొట్టెడు ప్రాణాలు పోయాయి.
పళ్ళు కుట్టుకునే పుల్ల కోడి గొంతులో దొరికింది.
నిమ్మ డిప్పలు వేరే పెట్టు. కాగితాలు వేరే పెట్టు.
ఇది చెత్త కాదయ్యా, వంట. సగం నీది, సగం నాది."
పన్నెండేళ్ళుగా గిన్నెలు తోముతున్నాను,
నన్ను వంటవాడన్నది ఆమె ఒక్కతే.

ఒక ఆదివారం ఆమె పెరడు చూశాను.
రేకు కింద వాలుగా కట్టిన చెక్క తొట్లు.
మూత తీసింది:
నిన్నటి పెళ్ళి విందు లుకలుకలాడుతోంది.
అన్నమేదో, చిక్కుడుగింజలేవో, ఎవరి ఎంగిలి ఏదో
పోల్చుకోలేం. ఒకటే చప్పుడు,
ఎండుటాకుల మీద సన్న తుంపర పడ్డట్టు.
చెయ్యి పెట్టమంది. పెట్టాను.
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురంత వెచ్చన.

ముదిరిన పురుగులు నల్లబడి
తమంతట తామే వాలెక్కి
అంచు మీంచి బకెట్లో పడుతున్నాయి.
"చెప్పకుండా పని చేసేవి మా ఇంట్లో ఇవే," అంది.

ఒమెనా చేపల ధర మండిన ఏడు
దాణా కొనలేక సగం కోళ్ళను అమ్ముకుందట.
పిల్లల కంచంలో పడాల్సిన చేపను
పొడి కొట్టి కోళ్ళకు చల్లడానికి చెయ్యి రాలేదట.
ఇప్పుడు బకెట్ చప్పుడైతే చాలు,
పెరడంతా మెడలే.

ఈ సంగతి మా యజమాని వాండిగా చెవిన పడింది.
నిన్నటిదాకా కంపు, ఇవాళ సరుకు.
బకెట్టుకు ఇరవై షిల్లింగులన్నాడు.
అపోండి పోట్లాడలేదు.
మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.
మూడో రోజుకు డ్రమ్ము పొంగింది, కొంగలు గోడెక్కాయి,
ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని
వాండిగా డబ్బులు లెక్కపెట్టాడు.

నాలుగో రాత్రి చక్రం కూసింది.
బేరం ఎలా తెగిందో నాకు తెలియదు.
కౌంటరు మీద అట్టపెట్టెలో పన్నెండు గుడ్లు,
ఒకదానికి ఈక అంటుకుని ఉంది.
వాటి పెంకులు కూడా దాస్తున్నాను,
నూరి మళ్ళీ కోళ్ళకే వేస్తుందట.

ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు.
ఆ పెరట్లోనే, దోమతెర గూట్లో, పెద్దయిన ఈగలు,
నల్లగా, సన్నగా, పొగచూరిన అద్దం రెక్కలతో.
"వీటికేం పెడతావు?" అన్నాను.
"ఏమీ పెట్టను. వీటికి తినే నోరు లేదు.
పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే తిండి.
దాంతోనే ఎగరాలి, జత కట్టాలి, గుడ్లు పెట్టి రాలిపోవాలి."

అప్పట్నుంచి పళ్ళాలు గీకుతూ వెతుక్కుంటున్నాను,
చిన్నప్పుడు నేనేం తిన్నానా అని.
వానలు మొహం చాటేసిన ఏడు మా నాయనమ్మ
కుండ అడుగు మాడు గీకి పెట్టేది.
రేకు చెంచాతో, పక్కింటికి వినబడేలా.
ఏముందో తెలియకపోయినా
ఏదో ఉందని వాళ్ళు అనుకోవాలిగా.

చక్రం కూస్తోంది.
నిమ్మ డిప్పలు వేరే పెట్టాలి.